పాతవి గూడ ఆడ్తది అన్నా!

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో పిల్లర్ల నీడన ఉన్న ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోకైనా వెళ్ళి, గేమ్ కన్సోల్ పెట్టె మీద చెయ్యి వేసి చూడండి. మీరు నోరు తెరిచేలోపే సేల్స్ కుర్రాడు అందుకుంటాడు. ఫోర్‌కే అంటాడు. రే ట్రేసింగ్ అంటాడు. వడ్డీ లేని ఈఎంఐ అంటాడు. అయినా మీ మొహంలో ఏ మూలో అనుమానం మిగిలిందనుకోండి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, మేనేజరుకు తెలియకుండా మీకొక్కరికే మేలు చేస్తున్నట్టు ఆఖరి అస్త్రం వదులుతాడు: "పాతవి గూడ ఆడ్తది అన్నా!"

అంతే, కార్డు బయటికొస్తుంది. యాభై వేలు పోసి కొత్త యంత్రం కొంటున్న మనిషిని పడగొట్టేది అందులోని కొత్తదనం కాదు, పాతవి పారేయక్కర్లేదన్న భరోసా.

దీనికి పెద్దలు పెట్టిన పేరు బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ. పేరు బరువుగా ఉంది కాబట్టి విషయం కూడా బరువైనదే అనుకుంటాం. విషయం ఇంతే: నిన్న డబ్బిచ్చి కొన్న ఆట, ఇవాళ మళ్ళీ డబ్బిచ్చి కొన్న పెట్టెలో నడుస్తుంది. నడవకపోతే కదా వింత? కానీ ఈ వ్యాపారంలో నడవకపోవడం ఆనవాయితీ అయి, నడిస్తే వరప్రసాదమైంది. మన జేబులోంచి తీసుకున్నది తన బీరువాలో పెట్టుకుని, ఏడేళ్ళ తర్వాత అందులో సగం తిరిగిస్తూ కంపెనీవాడు వేదిక మీద చేతులు చాపుతాడు. కింద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొడతారు.

ఒక్కసారి నాచారం వైపు చూడండి. ఎన్టీ రామారావు 1976లో అక్కడ రామకృష్ణా సినీ స్టూడియోస్ పెట్టారు. అక్కడ తీసిన దానవీరశూరకర్ణ 1977 సంక్రాంతికి విడుదలైంది. కర్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే, కృష్ణుడూ ఆయనే, దర్శకుడూ ఆయనే. ఆ సినిమా రీలుగా పుట్టి, వీడియో క్యాసెట్టయి, సీడీ అయి, డీవీడీ అయి, ఇప్పుడు మెట్రోలో నిలబడ్డవాడి ఫోనులో ఆడుతోంది. నిజమే, క్యాసెట్టు డీవీడీ ప్లేయర్లో దూరదు. కానీ డీవీడీ అంటూ కొన్నాక ఏ కంపెనీ ప్లేయరైనా దాన్ని ఆడించింది. దుర్యోధనుడి డైలాగు వినాలంటే ఫలానా కంపెనీ టీవీయే కావాలని, అది కూడా ఫలానా సంవత్సరంలో కొన్నదే కావాలని ఎవరూ షరతు పెట్టలేదు. "ఈ టీవీలో 1977 నాటి సినిమా కూడా వస్తుంది సార్" అని ఏ సేల్స్‌మనూ గొంతు తగ్గించి చెప్పలేదు. చెప్పి ఉంటే అతన్ని నీళ్ళు తాగి కాసేపు కూర్చోమనేవాళ్ళం.

ఇదే హైదరాబాదులో 2009లో ఇంకో పౌరాణికం తయారైంది. అదీ తెర మీద ఆడేదే, కాకపోతే రిమోట్ చేతిలో ఉండాలి. అరోనా టెక్నాలజీస్ అనే ఇక్కడి కంపెనీ చేసిన ఆ ఆట పేరు 'హనుమాన్: బాయ్ వారియర్'. విడుదల చేసింది సాక్షాత్తు సోనీ, పీఎస్ 2 కోసం. ప్లేస్టేషన్ కోసం పూర్తిగా భారతదేశంలోనే తయారైన మొదటి ఆట అది. అదే ఏడాది గేమ్‌శాస్త్ర అనే మరో హైదరాబాదు కంపెనీ 'దేశీ అడ్డా' తెచ్చింది. కబడ్డీ, గాలిపటాలు, చిర్రగోనె అందులో ఉన్నాయి. అంటే ఉప్పల్ పిల్లలు వీధిలో మానేసిన ఆటలన్నీ డిస్కులోకి ఎక్కాయన్నమాట.

హనుమంతుడి ఆట గొప్పదని నేననను. సమీక్షకులు ఉతికి ఆరేశారు. కొలిచే దేవుణ్ణి పిల్లల చేతి రిమోట్‌తో గెంతించడమేమిటని అమెరికాలో ఒక హిందూ నాయకుడు అభ్యంతరం కూడా చెప్పాడు. పాపం, ఆయన అంత శ్రమ పడాల్సింది కాదు. పదేళ్ళు తిరక్కుండానే ఆ దేవుణ్ణి ఎవరూ గెంతించలేని ఏర్పాటు సోనీయే చేసిపెట్టింది.

ఏర్పాటు ఎలా జరిగిందో కాస్త ఓపిగ్గా చూడాలి, ఇందులో భక్తిరసం ఉంది. 2000లో వచ్చిన పీఎస్ 2, అంతకుముందు యంత్రం తాలూకు డిస్కుల్ని చప్పుడు చేయకుండా ఆడించింది. లోకమంతా కలిపి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మన దగ్గర చిప్ వేయించినవీ వేయించనివీ కలిసి మధ్యతరగతి ఇళ్ళ టీవీ స్టాండుల్లో స్థిరపడ్డాయి. 2006లో పీఎస్ 3 వచ్చింది. మొదటి విడత పెట్టెల్లో పాత పీఎస్ 2 చిప్పునే తీసుకొచ్చి లోపల కూర్చోబెట్టారు. పాతవి నడవక ఏం చేస్తాయి? కానీ ఖర్చు పెరిగింది. ఏడాదిలోపే 40 జీబీ మోడల్లో ఆ చిప్పును పీకేసి, పాత ఆటల్ని ఇంటికి పంపేశారు. 2009లో మన హనుమంతుడు దుకాణానికి వచ్చేసరికి, పక్క అరలో మెరిసిపోతున్న పీఎస్ 3కి ఆయనెవరో తెలియదు. సముద్రం లంఘించినవాడు ఒక అర దాటలేకపోయాడు.

ఆ తర్వాత 2013లో పీఎస్ 4. అదేమో పీఎస్ 3 ఆటల్ని కూడా గుర్తుపట్టనంది. దీనికి మాత్రం నిజమైన కారణం ఉంది, అది ఒప్పుకోవాలి. పీఎస్ 3లో ఉన్నది సోనీ, తోషిబా, ఐబీఎం ముగ్గురూ కలిసి చేసిన సెల్ అనే ప్రాసెసర్. దాని లోపలి ఏర్పాటు లోకంలో ఇంకెవరికీ లేనిది. ఒక పెద్ద బుర్ర, దాని చుట్టూ చిన్న చిన్న బుర్రలు. దేనికి ఏ పని అప్పజెప్పాలో ఆట రాసేవాడే చూసుకోవాలి. ఆ లెక్కలతో రాసిన ఆటను ఇంకో చిప్పు మీద ఆడించడం పెద్ద పని. పీఎస్ 4కి వచ్చేసరికి సోనీ ఆ తలనొప్పి వదిలించుకుని, ఏఎండీ చేత మామూలు కంప్యూటర్ల వంశానికి చెందిన చిప్పు చేయించుకుంది. 2020లో వచ్చిన పీఎస్ 5లో ఉన్నదీ ఆ వంశపుదే. అందుకే పీఎస్ 4 ఆటల్లో నూటికి తొంభై తొమ్మిది అందులో నడుస్తున్నాయి.

కనుక ఉప్పల్ కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. అతని దృష్టిలో చరిత్ర 2013లో మొదలైంది, అంతే. తనకు మీసాలొచ్చాక వచ్చినవన్నీ పాతవి, అంతకుముందువి పురాణాలు. మనం గమనించాల్సింది ఇంకోటి. కొత్త కన్సోల్ పాతవి ఆడించడానికి కారణం కంపెనీ కరుణ కాదు, లోపల కూర్చున్నది పీసీ చిప్పుకు దాయాది కావడం. కన్సోల్ గొప్పా పీసీ గొప్పా అని నాచారం చాయ్ హోటళ్ళలో గ్లాసులు బల్లకేసి కొట్టుకుంటున్న తమ్ముళ్ళు ఒకే ఇంటి రెండు గదుల గురించి కొట్టుకుంటున్నారు. ఆ ఏఎండీకి ఇదే హైదరాబాదులో పెద్ద ఇంజినీరింగ్ కేంద్రం ఉంది, అది వేరే సంగతి.

కంపెనీల మాటలు తిరిగిన తీరు చూస్తే మన రాజకీయ నాయకులు అమాయకులనిపిస్తారు. 2013లో మైక్రోసాఫ్ట్ తరఫున ఎక్స్‌బాక్స్ వ్యవహారాలు చూసే డాన్ మాట్రిక్, కొత్త యంత్రం కొన్నాక పాత ఆటలు ఆడేది నూటికి ఐదుగురేనని, అలాంటి కోరికే వెనకబాటుతనమని తేల్చేశాడు. రెండేళ్ళు తిరిగేసరికి, 2015లో, అదే కంపెనీ అదే యంత్రం మీద పాత ఎక్స్‌బాక్స్ 360 ఆటలు నడుస్తాయని ప్రకటించి అదే జనం చేత కేకలు వేయించుకుంది. వెనకబాటుతనం ప్రగతి అయిపోయింది. సోనీ పెద్ద జిమ్ ర్యాన్ 2017లో పాత కార్ల ఆటల్ని పక్కపక్కన చూసి, ఇంత ముసలివాటిని ఎవరైనా ఎందుకు ఆడతారని విస్తుపోయాడు. ఆయన విస్తుపోవడానికి రెండేళ్ళ ముందే, 2015 డిసెంబరులో, ఆయన కంపెనీయే ఆ ముసలి పీఎస్ 2 ఆటల్ని పీఎస్ 4 మీద డౌన్‌లోడ్‌గా అమ్మడం మొదలుపెట్టింది. మీ దగ్గర అదే ఆట డిస్కు ఉందా? సంతోషం, అద్దాల బీరువాలో పెట్టుకోండి. ఆడాలంటే మళ్ళీ కొనండి.

కొత్తొక వింత, పాతొక రోత అన్నారు మన పెద్దలు. ఈ వ్యాపారులు ఆ సామెతను రెండు చేతులా వాడుకున్నారు. పాతది మన ఇంట్లో ఉన్నంతసేపు రోత. వాళ్ళ దుకాణంలోకి వెళ్ళగానే దానికి క్లాసిక్ అని పేరు, నెలనెలా చందా.

ఆ చందా కథ కూడా వినండి. 2022లో సోనీ తన సభ్యత్వాలకు మూడు మెట్లు కట్టింది. పై మెట్టు ఎక్కినవాళ్ళకి పీఎస్ 1, పీఎస్ 2 కాలం ఆటలు కొన్ని దొరుకుతాయి. పీఎస్ 3 ఆటలు మాత్రం ఎక్కడో ఉన్న సర్వర్ల మీద నడుస్తూ ఇంటర్నెట్ ద్వారా మన తెర మీదకి రావాలి. ఆ సౌకర్యం మన దేశంలో పెట్టలేదు కాబట్టి, పై మెట్టు పేరు మార్చి డీలక్స్ అని మనకు వేరేగా ఇచ్చారు. అంటే ఒక తరం ఆటలు మొత్తానికి మొత్తం భారతదేశం మీదుగా ఎగిరిపోయాయి. డీలక్స్ బస్సు ఎక్కినవాడికి ఇది కొత్త కాదు. పేరులో ఉన్నది సీటులో ఉండదు.

పాతవి ఆడించే విషయంలో మన దేశానికి నిజంగా మేలు చేసినవాళ్ళు ఎవరంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నకిలీగాళ్ళు. నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌ని చూసి వాతలు పెట్టుకున్న పెట్టెలే తొంభైల్లో మీడియా అని, ఇంకా నోరు తిరగని పేర్లతో మన ఇళ్ళకు వచ్చాయి. ఈసీఐఎల్ వాళ్ళ ఈసీ టీవీ అయినా సరే, వెనక యాంటెనా తీగ పీకి దీన్ని గుచ్చితే మారియో గెంతేవాడు. ఒకడి పెట్టెలో క్యాసెట్టు ఇంకొకడి పెట్టెలో దిగేది. పెట్టె చెడిపోతే వేరే పేరున్న పెట్టె తెచ్చుకునేవాళ్ళం, క్యాసెట్టు అదే. క్యాసెట్టు మీద 9999 ఆటలని రాసి ఉండేది, లోపల తిప్పి తిప్పి ఐదారు ఉండేవి. అబద్ధం అంకెలోనే గానీ ఆడించడంలో లేదు. కాపీ కొట్టినవాడు పాటించిన మర్యాద కనిపెట్టినవాడు పాటించలేదు.

ఇక పీసీ భక్తుల దగ్గరకు వద్దాం. వీళ్ళని వదిలేస్తే కన్సోల్ భక్తులు నా మీద పక్షపాతం అంటగడతారు.

ఉప్పల్లో నీలం లైను మెట్రో ఎక్కితే రైలు మారకుండా పరేడ్ గ్రౌండ్ స్టేషన్లో దిగొచ్చు. అక్కణ్ణుంచి చెనాయ్ ట్రేడ్ సెంటర్, మన సీటీసీ, ఆటో అక్కర్లేనంత దగ్గర. పీసీ భక్తుడికి అది పుణ్యక్షేత్రం. ఒక దుకాణంలో ప్రాసెసర్, ఒక దుకాణంలో బోర్డు, బేరం కుదిరిన చోట ర్యామ్, చివరికి కేబినెట్. ఆ కేబినెట్‌కు పెట్టించిన లైట్లు చూస్తే బోనాలకి గుడికి కట్టిన సీరియల్ సెట్టు గుర్తొస్తుంది. ఇంటికొచ్చి మూడు ఫ్యాన్లు తిరగడం మొదలయ్యాక అతని మొదటి మాట: "మన సిస్టమ్‌ల ఏదైనా నడుస్తది భయ్యా. డాస్ కాలం నుంచి మొన్న రిలీజైన దాంక."

నడుస్తుంది. ఎప్పుడు నడుస్తుందన్నదే ప్రశ్న. రోడ్ రాష్ పెడదామని కూర్చుంటాడు. 64 బిట్ విండోస్ పాత 16 బిట్ ఇన్‌స్టాలర్లని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. దానికో మందు వెతుకుతాడు. ఇంకో ఆట తెరిస్తే డీ3డీఎక్స్9_43 డీఎల్ఎల్ అనే ఫైలు కనబడట్లేదని చిన్న డబ్బా వస్తుంది. మనిషి పేరుంటే ఠాణాలో ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఇదేమో అంకెల పేరు. ఆ ఫైలు దొరికాక శబ్దం పోతుంది. శబ్దం వచ్చాక తెర నాలుగో వంతుకు కుంచించుకుపోతుంది. అన్నీ సర్దుకున్నాక తెల్లవారుతుంది. రాత్రంతా అతను ఆడింది ఆట కాదని మీరనుకోవచ్చు. అతనికి మాత్రం అదే ఆట.

దీనికి మించిన వేడుక 2015లో జరిగింది. విండోస్ 10 వస్తూ వస్తూ, పాత గేమ్ సీడీలకు వేసిన సేఫ్‌డిస్క్ అనే తాళాన్ని భద్రత పేరుతో గుర్తించడం మానేసింది. ఆ తాళం ఎందుకు పెట్టారు? దొంగ సీడీలని అడ్డుకోవడానికి. ఫలితం ఏమైంది? షోరూంలో బిల్లు రాయించుకుని అసలు సీడీ కొన్న ధర్మాత్ముడి ఆట ఆగిపోయింది. కోఠి ఫుట్‌పాత్ మీద నూరు రూపాయలకి మూడు చొప్పున ఏరుకున్నవాడి సీడీకి ఆ తాళమే లేదు. అది హాయిగా నడిచింది. దొంగతనం మంచిదని నేను చెప్పడం లేదు. బిల్లు దాచుకున్నవాడిని ఇంతగా అవమానించిన వ్యాపారం ఇంకోటి చూడలేదని చెబుతున్నాను.

మన పీఎస్ 2 హనుమంతుడికి దారి దొరికేది కూడా ఈ పీసీ గుమ్మంలోనే. పీసీఎస్ఎక్స్2 అనే ఎమ్యులేటర్ ఉంది. ఎవరో జీతం లేని మనుషులు ఇరవై ఏళ్ళకు పైగా కూర్చుని కట్టినది, పైసా ఇవ్వక్కర్లేదు, పీఎస్ 2 ఆటల్లో అత్యధిక భాగాన్ని నడిపిస్తుంది. ఒకటే షరతు, బయోస్ ఫైలు మాత్రం మన సొంత పీఎస్ 2లోంచి మనమే తీసుకోవాలి. నాకు తెలిసినంతలో ప్రతివాడూ తన సొంత పీఎస్ 2లోంచే తీశానంటాడు. ఏదీ ఆ పీఎస్ 2 అంటే మాత్రం మేనమామ ఊరికి పట్టుకెళ్ళాడంటాడు.

అయినా ఒక విషయంలో పీసీకి దండం పెట్టక తప్పదు. ఉప్పల్ స్టేడియం సాక్షిగా చెబుతున్నాను. ఆ స్టేడియంలో మొదటి వన్డే 2005లో జరిగింది. మరుసటి ఏడు, 2006లో, ఈఏ కంపెనీ క్రికెట్ 07 అనే ఆట తెచ్చింది, ఆ వరసలో ఇంకో ఆట తీయకుండానే దుకాణం కట్టేసింది. అక్కడితో కథ ముగియాలి. ముగియలేదు. పీసీలో ఆ ఆట ఫైళ్ళు తెరిచి చూడ్డానికి వీలుంది కాబట్టి, కుర్రాళ్ళు కొత్త జట్లు, కొత్త జెర్సీలు, కొత్త మొహాలు కుట్టి అందులో అతికిస్తూ వచ్చారు. 2013లో మైదానంలోకి దిగిన సన్‌రైజర్స్ జట్టు 2006లో తయారైన ఆటలో బ్యాటింగ్ చేస్తోంది. ఏ కంపెనీ వేదిక ఎక్కి ప్రకటించలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అదే క్రికెట్ 07 పీఎస్ 2కి కూడా వచ్చింది. ఆ డిస్కులో ఇప్పటికీ 2006వ సంవత్సరమే నడుస్తోంది.

ఇంత పొగిడించుకున్నాక పీసీ భక్తుడు మీసం మెలేస్తాడు. కొంచెం ఆగు తమ్మీ. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేశారు. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి మాత్రమే. నిక్షేపంగా తిరుగుతున్న నీ ఏడో తరం సిస్టమ్‌ని ఒక నోటీసుతో పాత ఇనుముగా ప్రకటించారు. పీసీ ప్రపంచం పాత ఆటని ఇంట్లో ఉంచుకుని పాత యంత్రాన్ని వీధిలోకి నెట్టింది. కన్సోల్ ప్రపంచం కొత్త యంత్రంలోకి పాత ఆటని రానివ్వలేదు గానీ, పాత యంత్రాన్ని ఎవరూ ఏమీ చేయలేకపోయారు. అటక మీది పీఎస్ 2కి అప్‌డేట్ రాదు, నోటీసు రాదు, లాగిన్ అడగదు. లెన్స్ బతికున్నంత కాలం డిస్కు పెడితే తిరుగుతుంది. ఈ మాట రెండు పక్షాల భక్తుల్లో ఎవరికీ నచ్చదు, ఎందుకంటే ఇందులో కొనాల్సింది ఏమీ లేదు.

కన్సోల్ ఎందుకు కొంటారో నాకు తెలియక కాదు. టీవీకి తగిలించి, సోఫాలో చేరగిలబడి, బటన్ నొక్కితే ఆట వస్తుంది. డ్రైవర్లు, డీఎల్ఎల్‌లు ఉండవు. రెండో రిమోట్ ఉంటే చెల్లెలు కూడా ఆడుతుంది. పీఎస్ 5 మన దగ్గరకు 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు వచ్చింది, మరుసటేడు నవంబరులో 54,990 అయింది. ఆ డబ్బు పట్టుకుని సీటీసీకి వెళితే మంచి గ్రాఫిక్ కార్డు చేతికొచ్చేసరికి మిగిలేది తిరుగు ప్రయాణానికి మెట్రో చార్జీ. కొన్ని పెద్ద ఆటలు కన్సోల్‌కే ముందొస్తాయి. జీటీఏ 5 కన్సోల్ మీద 2013 సెప్టెంబరులో వస్తే, పీసీవాళ్ళు 2015 ఏప్రిల్ దాకా ఎదురుచూశారు. (2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగిన ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ కింద నుంచి రోజూ వెళ్ళేవాళ్ళకి ఇదొక ఎదురుచూపా అనిపించొచ్చు.) నాచారం సందుల్లో గంటకింతని తీసుకుని ఆడించే పార్లర్లలో కాసేపు నిలబడండి. ఫుట్‌బాల్, కుస్తీ, కార్లు, అన్నీ ఈ ఏడాదివే. పదేళ్ళ కిందటి ఆట పెట్టమని అక్కడ ఎవరూ అడగరు.

ఇవన్నీ కన్సోల్ కొనడానికి నికార్సయిన కారణాలు. కొత్త ఆటల కోసం కొత్త పెట్టె కొంటున్నామని చెప్పుకుంటే నామోషీ ఏముంది? కానీ అలా చెబితే యాభై వేలు ఖర్చులా కనిపిస్తుంది. "మన దగ్గరున్నవి కూడా ఆడుతుంది నాన్నా" అంటే పొదుపులా కనిపిస్తుంది. నాన్నలు పొదుపుకు పడిపోతారని సోనీకీ తెలుసు, కొడుక్కీ తెలుసు.

పైగా ఆ దగ్గరున్నవి పెట్టడానికి కన్నం ఉందో లేదో చూశారా? 39,990కి వచ్చిన పీఎస్ 5 డిజిటల్ ఎడిషన్‌కి డిస్కు పెట్టే చోటే లేదు. 34,990కి వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కీ లేదు. పాత ఆటలు ఆడుతుందన్న మాట రెండింటికీ అక్షరాలా నిజం. మీరు బీరువాలో దాచుకున్న డిస్కులు మాత్రం అక్కరకు రావు, అంతే. 2023లో వచ్చిన సన్న మోడల్‌కి డ్రైవు విడిగా కొని బిగించుకోవచ్చు. బిగించాక ఒకసారి ఇంటర్నెట్‌కు తగిలించి కంపెనీ చేత ఆమోదముద్ర వేయించుకోవాలి. మీ డిస్కు, మీ డ్రైవు, మీ పెట్టె, మీ కరెంటు. అనుమతి మాత్రం వాళ్ళది. 2024 నవంబరులో పీఎస్ 5 ప్రో వచ్చినప్పుడు 700 డాలర్లు పెట్టినా డ్రైవు విడిగానే. అదైతే విడుదల నాటికి మన దేశానికే రాలేదు. అందులోని వైఫై 7 వాడే తరంగాలకు ఇక్కడ ఇంకా అనుమతి లేదన్నారు. పాతవి ఆడటం దేవుడెరుగు, కొత్తదే ఆడలేదు.

డిస్కు అంటే పాతకాలపు మోజు అని కొట్టిపారేసేవాళ్ళు ఒక లెక్క చూడాలి. పీఎస్ 5 వచ్చినప్పుడు దానికోసం సోనీ తీసిన పెద్ద ఆట ధర 4,999. డిస్కుగా కొన్న రామంతాపూర్ కుర్రాడు నెల తర్వాత హబ్సిగూడ కుర్రాడికి సగానికి సగం ధరకి అమ్ముకుంటాడు, ఆ డబ్బు ఇంకో ఆటలో పెడతాడు. డౌన్‌లోడ్‌గా కొన్నవాడు అమ్మలేడు, అరువివ్వలేడు, దుకాణం మూస్తే ఏం చేయాలో కూడా తెలియదు. మూయరని లేదు. నింటెండో తన వీ యూ, 3డీఎస్ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాన్ని 2023 మార్చిలో మూసింది, ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జులైలో మూతపడింది. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇవాళ మామూలుగా కొనుక్కోవడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. వాళ్ళ దేశంలోనే అలా ఉంటే, హైదరాబాదులో తయారై పీఎస్ 2లో మాత్రమే నడిచే డిస్కుల గురించి ఎవరు పట్టించుకుంటారు?

ఎవరూ పట్టించుకోరు కాబట్టే ఈ మనవి. కొత్త పెట్టె కొనుక్కోండి, వద్దనడానికి నేనెవర్ని. కొనేముందు మీ ఇంట్లో ఉన్న డిస్కుల్లోంచి ఒకటి జేబులో పెట్టుకెళ్ళి, బిల్లు రాయకముందే అక్కడే ఆడించి చూపించమనండి. ఎక్స్చేంజ్‌లో వెయ్యి తగ్గిస్తామని పాత పీఎస్ 2 అడిగితే ఇవ్వకండి. వీధిలో కేకేస్తూ వెళ్ళే పాత సామాన్లవాడికి అసలే ఇవ్వకండి. హనుమాన్: బాయ్ వారియర్, దేశీ అడ్డా డిస్కులు ఎవరి దగ్గరైనా ఉంటే, తడి తగలకుండా ఒక పెట్టెలో పెట్టి, ఆ పీఎస్ 2 పక్కనే ఉంచండి. ఈ నగరంలో తయారైన ఆ రెండు ఆటలనీ సోనీ ఇప్పుడు అమ్ముతున్న ఏ యంత్రమూ డిస్కు పెడితే తెరవదు.